‘నల్ల కూరెట్లయితది?’ – ఒక రక్తహీనత కేసు

నేను డాక్టర్ని కాను, ల్యాబ్ మనిషిని. డీఎంఎల్‌టీ (ల్యాబ్ టెక్నీషియన్ డిప్లొమా) చేసి, తెలంగాణలో ఒక జిల్లా కేంద్రంలో ముప్ఫై ఏళ్లుగా జనం రక్తం, మూత్రం, మలం చూస్తూ బతుకుతున్నాను. ఈ కేసు రాయడానికి కారణం, ఇందులో నేను రెండుసార్లు తప్పుగా లెక్క వేశాను. మొదటి తప్పు అజాగ్రత్త వల్ల జరిగింది. రెండోది తెలివి చూపించుకోబోయి చేశాను, అదే ఎక్కువ ప్రమాదం. పేషెంట్ ఎవరో పోల్చుకోకుండా ఊరు, వయసు, కుటుంబం వివరాలు కొన్ని మార్చాను, కొన్ని వదిలేశాను.

నేపథ్యం

ఆమెకు యాభై దాటాయి. ముట్లు ఆగిపోయి నాలుగేళ్లు. కౌలుకు తీసుకున్న కొద్దిపాటి భూమిలో ఆకుకూరలు, వంకాయ వేస్తారు. నాలుగడుగులు వేస్తే ఆయాసం, మెట్లెక్కితే గుండె దడ, పొద్దుగూకేసరికి కాళ్లు గుంజడం. ఫిజీషియన్ రాసిచ్చిన చీటీతో మా కిటికీ దగ్గరికి వచ్చింది. హిమోగ్లోబిన్ 7.2 గ్రాములు, ఎంసీవీ (ఎర్రకణాల సగటు సైజు) 66, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వలను చూపే అంకె) 5. స్మియర్‌లో, అంటే స్లైడ్ మీద పూసిన రక్తంలో, ఎర్రకణాలు చిన్నవిగా, మధ్యలో వెలిసిపోయినట్టు, అక్కడక్కడా పెన్సిల్ ములుకుల్లా ఉన్నాయి. ఐరన్ నిల్వలు పూర్తిగా అడుగంటాయని చెప్పడానికి ఇంతకంటే ఏమీ అక్కర్లేదు.

ఐరన్ ఎందుకు పోయింది అన్నదే ప్రశ్న. ముట్లున్న ఆడవాళ్లలో అయితే ముందు అటువైపు చూస్తారు. ముట్లు ఆగిన మనిషిలో, మగవాళ్లలో ఐరన్ ఇలా పడిపోతే పేగుల్లో ఎక్కడో రక్తం కారుతోందేమో అని అనుమానించాలి, అందులో క్యాన్సర్ కూడా ఉండొచ్చు. డాక్టర్ గారు అలాగే ఆలోచించి స్టూల్ అకల్ట్ బ్లడ్ మూడు శాంపిళ్లు రాశారు. కంటికి కనిపించని రక్తం మలంలో ఉందేమో చూసే పరీక్ష అది. మా దగ్గర గ్వాయక్ కార్డుతో చేస్తాం, రక్తం ఉంటే కార్డు నీలమవుతుంది. మూడుకి మూడూ పాజిటివ్. అది కూడా అనుమానం పడేంత లేతగా కాదు, సిరా ఒలికినట్టు నీలం.

వేరే ఊళ్లో ఎండోస్కోపీ, కొలనోస్కోపీ రెండూ చేయించారు. కడుపులో కాస్త ఎరుపు, కింద చిన్న మొలలు. ఇంత రక్తహీనతకు అవి చాలవు. ఐరన్ మాత్రలు మొదలయ్యాయి. ఆరు వారాల తర్వాత హిమోగ్లోబిన్ 8.1. మాత్రలు సరిగ్గా పనిచేస్తుంటే నెలకు రెండు గ్రాముల దాకా పెరగాలి. పదో వారంలో 7.9కి దిగింది. అకల్ట్ బ్లడ్ మళ్లీ మూడుకి మూడు పాజిటివ్.

ఇక మిగిలింది చిన్నపేగు. మింగితే లోపలి నుంచి ఫొటోలు తీసే క్యాప్సూల్ ఎండోస్కోపీ చేయిద్దామన్నారు డాక్టర్ గారు. ఖర్చు వినగానే ఆమె మాట్లాడలేదు. కొడుకు మాత్రం మా కిటికీ దగ్గర నిలబడి, ‘దీంతోనన్న తేలుతదా సార్?’ అని నన్ను అడిగాడు. నా దగ్గర జవాబు లేదు.

మేం చేసిన ప్రయత్నాలు

రెండోసారి కూడా అంత గట్టి పాజిటివ్ వచ్చినప్పుడు ల్యాబ్ మనిషికి ముందు తన సరుకు మీద అనుమానం రావాలి. వచ్చింది. కార్డుల లాట్ మార్చాను. కార్డు మీద చుక్క వేసే డెవలపర్ ద్రావణం సీసా కొత్తది తెరిచాను. కార్డు మీద ఉండే కంట్రోల్ గడులు సరిగ్గానే పనిచేస్తున్నాయి. ఒకరు చదివిన రంగు ఇంకొకరికి చెప్పకుండా ఇద్దరం విడివిడిగా చదివాం. తేడా లేదు. పరీక్షలో తప్పు లేదని తేలింది.

పురుగుల అనుమానంతో మలం వెట్ మౌంట్ కూడా చూశాం. స్లైడ్ మీద ఉప్పునీటి చుక్క, అందులో అగ్గిపుల్ల కొనంత మలం, పైన కవర్‌స్లిప్. ‘ఓవా, సిస్టులు కనిపించలేదు’ అని, అంటే పురుగుల గుడ్ల జాడ లేదని రిపోర్టు ఇచ్చాను. ఆ శాంపిల్ పొద్దున ఆరింటికి పట్టింది. ఆటోలో మా దగ్గరికి చేరేసరికి పదకొండు. ఆ సంగతి అప్పుడు పట్టించుకోలేదు.

అకల్ట్ బ్లడ్ ఫారంలో ఒక ప్రశ్న ఉంటుంది. ‘గత మూడు రోజుల్లో మాంసాహారం తీసుకున్నారా?’ రెండుసార్లూ ‘లేదు’ దగ్గర టిక్ ఉంది. నేను ఆ టిక్ చూశాను, నమ్మాను, ముందుకు పోయాను. ఇది నా మొదటి తప్పు.

పాత చీటీ

ఇక్కడ కొంచెం వెనక్కి వెళ్లాలి. నాకు పని నేర్పిన సీనియర్ ఒకాయన ఉన్నారు. రిటైరై చాలా ఏళ్లయినా వారానికి రెండు రోజులు మధ్యాహ్నం మా ల్యాబ్‌కు వస్తారు, టిఫిన్ డబ్బాతో సహా. మేమంతా ఆయన్ని పెద్దసార్ అంటాం. భోజనాల దగ్గర ఆయనకు ఉన్నవి రెండే టాపిక్‌లు. ఒకటి పాత పరీక్షలు, రెండోది వంట. వింటూ ఉంటే ఏది ఎప్పుడు మొదలై ఏది ఎప్పుడు అయిపోయిందో తెలియదు.

మూత్రంలో షుగర్‌కి బెనెడిక్ట్ ద్రావణం ఆయనే కలిపేవారు. లీటరుకు సోడియం సిట్రేట్ 173 గ్రాములు, సోడియం కార్బొనేట్ 100, మైలతుత్తం 17.3. మైలతుత్తాన్ని విడిగా కరిగించి, మిగతా దాంట్లో సన్నటి ధారగా పోస్తూ కలుపుతూ ఉండాలి. ‘మజ్జిగ పులుసులో శనగపిండి కలిపినట్టు. తొందరపడితే విరుగుతుంది’ అనేవారు. అయిదు మిల్లీలీటర్ల ద్రావణంలో ఎనిమిది చుక్కల మూత్రం వేసి మరిగిస్తే నీలం నుంచి ఆకుపచ్చ, పసుపు, నారింజ, ఇటుక ఎరుపు. రంగును బట్టి షుగర్. కానీ ఆ రంగు గ్లూకోజ్ ఒక్కదానికే రాదు. పాలిచ్చే తల్లి మూత్రంలో లాక్టోజ్ ఉన్నా వస్తుంది, విటమిన్ సి ఎక్కువ మింగినా వస్తుంది. అందుకే టెస్ట్ ట్యూబ్ చేత్తో పట్టుకునే, ‘పాలిస్తున్నవామ్మా? ఏం మాత్రలు వేసుకుంటున్నవ్?’ అని అడగడం అప్పట్లో పనిలో భాగం. పరీక్ష మొరటుది కాబట్టి మనిషిని అడగక తప్పేది కాదు.

అకల్ట్ బ్లడ్‌కి అప్పుడు బెంజిడీన్. కత్తి మొన మీద చిటికెడు పొడి, గ్లేసియల్ ఎసిటిక్ ఆమ్లంలో కరిగించి, మలం కలిపిన నీళ్లలో పోసి, హైడ్రోజన్ పెరాక్సైడ్ వేస్తే రక్తం ఉంటే నీలం. గ్వాయక్ కంటే చాలా సున్నితం. అతి సున్నితం అనాలేమో, నిన్న తిన్న కూరను కూడా పట్టేసేది. అందుకే ముందు మలం నీళ్లను మరిగించేవాళ్లం. కూరగాయల్లోంచి వచ్చే పెరాక్సిడేజ్ ఎంజైములు మరిగిస్తే చస్తాయి, రక్తంలోని హీమ్, అంటే హిమోగ్లోబిన్‌లో ఐరన్ ఉండే ముక్క, చావదు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

మరిగిస్తే కూరగాయల గొడవ తీరుతుంది, మాంసం గొడవ తీరదు. దానికి మూడు రోజుల పత్యం. డబ్బాతో పాటు పేషెంటుకు పెద్దసార్ చేత్తో రాసి సైక్లోస్టైల్ తీయించిన చీటీ ఒకటి ఇచ్చేవాళ్లం. పాత రిజిస్టర్ల మధ్య ఒక కాపీ ఇప్పటికీ ఉంది. అందులో ‘మాంసాహారం’ అనే మాటే లేదు. ‘మటన్, కోడి, చేపలు, కార్జం, నల్ల, బోటి, తలకాయ, ఆకుకూరలు, పచ్చి ముల్లంగి – మూడు దినములు తినరాదు’ అని ఉంది.

బెంజిడీన్ మూత్రాశయ క్యాన్సర్ తెస్తుందని తెలిసి మా బెంచీ మీద నుంచి పోయింది. పోవలసిందే. గ్లవ్స్ లేకుండా ఆ పొడి ముట్టుకున్న చేతులు మావి, తలుచుకుంటే ఇప్పటికీ టెన్షన్‌గానే ఉంటుంది. దాని వెంటే పెద్దసార్ చీటీ కూడా పోయింది. కార్డులతో వచ్చిన ఇంగ్లిషు కాగితాన్ని ఎవరో తెలుగు చేశారు. తొమ్మిది తిండి పేర్లు కాస్తా ‘మాంసాహారం’ అయ్యాయి.

కిటికీ దగ్గర వంట ముచ్చట

మళ్లీ హిమోగ్లోబిన్ చూపించుకోవడానికి ఆమె వచ్చిన రోజు శాంపిళ్లు తీసే దగ్గర రద్దీ లేదు. అక్కడ పనిచేసే మా అమ్మాయి నరం వెతుకుతూ, పేషెంటు భయం పోగొట్టడానికి, ‘పొద్దున ఏం తిన్నవమ్మా?’ అని అడిగింది. ఆ అమ్మాయి అందరినీ అదే అడుగుతుంది. నేను పక్క గదిలో ఉన్నాను.

‘రొట్టె, నల్ల.’

‘నల్లనా! నాకు శాన ఇష్టం. నేను చేస్తే నీచు వాసన వస్తది. నువ్వెట్ల చేస్తవ్?’

‘ముందుగాల ఉప్పు, పసుపు ఏసి నీళ్లల్ల ఉడకబెట్టాలె బిడ్డా. గట్టివడ్డంక నీళ్లు వంపి చల్లారనియ్యాలె. చేత్తోటి చిదిపి పెట్టుకోవాలె. ఉల్లిగడ్డలు ఎక్కువెయ్యాలె, పచ్చిమిరపకాయలు నిలువు చీరాలె. అల్లమెల్లిగడ్డ పచ్చివాసన పోయెదాంక ఏగాలె, గప్పుడు నల్ల ఎయ్యాలె. ఆఖర్ల ధనియాల పొడి, ఎండుకొబ్బరి, కొత్తిమీర. పక్కకు పచ్చి ముల్లంగి కొరుక్కుంట తింటె మస్తుంటది.’

నల్ల అంటే తెలియనివాళ్లకు: మేకను కోసినప్పుడు పట్టిన రక్తం. గడ్డకట్టాక మటన్ కొట్టులో ముద్దలుగా అమ్ముతారు.

నేను చేతిలో పైపెట్ పక్కన పెట్టి ఇవతలికి వచ్చాను. వారంలో ఎన్నిసార్లు తింటున్నావని అడిగాను. రెండు మూడుసార్లట. రక్తం తక్కువుందని డాక్టర్ చెప్పిన రోజే, నల్ల తింటే రక్తం పడుతుందని పక్కింటామె చెప్పిందట. మరి కూర తినలేదని ఫారంలో ఎందుకు రాయించావని అడిగితే, నన్ను వింతగా చూసింది.

‘కూర యాడ తిన్న సార్? నల్ల కూరెట్లయితది? అది మందు లెక్క తింటున్న.’

ఆమె అబద్ధం చెప్పలేదు. మా వైపు ‘కూర’ అంటే ఆదివారం వండే మటన్. ఫారంలోని ‘మాంసాహారం’ ఆమెకు చదివి వినిపించినవాళ్లు ‘కూర తిన్నవా’ అని అడిగారు. ఆమె తినలేదు, తినలేదనే చెప్పింది.

రెండో తప్పు

అంతా అర్థమైపోయిందనుకున్నాను. గ్వాయక్ కార్డుకు మేక ఏదో మనిషి ఏదో తెలియదు. కార్డులోని గ్వాయక్, ఒక చెట్టు బంక. డెవలపర్‌లోని పెరాక్సైడ్‌తో హీమ్ కలిస్తే ఆ బంక నీలమవుతుంది, హీమ్ ఎక్కడినుంచి వచ్చినా సరే. ఉప్పు పసుపు వేసి ఉడకబెట్టినా, నూనెలో వేపినా హీమ్‌కు ఆ గుణం పోదు. బెంజిడీన్‌కు ముందు మలం మరిగించినా రక్తం దొరికేది ఇందుకే కదా. పైగా పచ్చి ముల్లంగి. దాని పెరాక్సిడేజ్ ఉడకలేదు, అలాగే లోపలికి పోయింది. అంటే ఆమె పళ్లెంలో రెండు రకాల నీలం ఉంది.

నిర్ధారించుకోవడానికి ఫిట్ పరీక్ష చేయించాను. అది హీమ్‌ను చూడదు, మనిషి హిమోగ్లోబిన్‌లోని గ్లోబిన్ అనే ప్రొటీన్‌ను యాంటీబాడీతో పట్టుకుంటుంది. మేక రక్తం దానికి కనిపించదు, పత్యం అక్కర్లేదు. ఫలితం నెగెటివ్.

వెంటనే ఉత్సాహంగా డాక్టర్ గారికి ఫోన్ చేశాను. ‘సార్, అకల్ట్ బ్లడ్ ఫాల్స్ పాజిటివ్. నల్ల తింటోంది. ఫిట్ నెగెటివ్. క్యాప్సూల్ అక్కర్లేదేమో’ అన్నాను. ఆయన సంతోషించారు. పేషెంట్ కొడుకు అంతకంటే సంతోషించాడు.

మధ్యాహ్నం భోజనాల దగ్గర ఈ కథంతా పెద్దసార్‌కు చెప్పాను. ఆయన పెరుగన్నంలో నిమ్మకాయ ఊరగాయ కలుపుకుంటూ అంతా విని, ‘కార్డు అబద్ధం చెప్పింది సరే, ఫెరిటిన్ కూడా అబద్ధమే చెప్పిందా?’ అన్నారు.

నాకు ముద్ద దిగలేదు. ఆయన అడిగింది చాలా చిన్న సంగతి. నల్ల తినడం మొదలుపెట్టింది రక్తహీనత బయటపడ్డాక. 7.2 దానికి ముందే ఉంది. కార్డు ఎందుకు నీలమైందో నేను చెప్పగలిగాను. ఐరన్ ఎటు పోతోందో మాత్రం చెప్పలేదు. పైగా నల్లలో ఉన్నది హీమ్ ఐరన్, ఆకుకూరల్లో ఉన్న ఐరన్ కంటే బాగా ఒంటబడుతుంది. పక్కింటామె సలహా తప్పేమీ కాదు. మాత్రలూ వేసుకుంటూ, నల్లా తింటూ ఉన్నా హిమోగ్లోబిన్ దిగుతోందంటే అనుమానం తగ్గకూడదు, పెరగాలి.

ఫిట్ నెగెటివ్ కూడా నేను అనుకున్నంత భరోసా కాదు. పెద్దపేగులో రక్తం కారితే అది బాగా పట్టుకుంటుంది. కడుపులోనో చిన్నపేగు మొదట్లోనో కారితే, కిందికి వచ్చేలోపు జీర్ణరసాలు గ్లోబిన్‌ను ముక్కలు చేసేస్తాయి. యాంటీబాడీకి పట్టుకోవడానికి ఏమీ మిగలదు. హీమ్ మాత్రం చాలావరకు బతికి కిందికి వస్తుంది. ఈ విషయం నాకు తెలియక కాదు. కథ దొరికిన ఆనందంలో గుర్తు రాలేదు.

సాయంత్రం డాక్టర్ గారికి మళ్లీ ఫోన్ చేసి, పొద్దున నేను చెప్పింది సగమే నిజమని ఒప్పుకున్నాను. ఒక వారం టైమ్ అడిగాను.

పని చేసింది ఏమిటి

ముందు కార్డునే సరిగ్గా చేయాలనుకున్నాం. మూడు రోజుల పత్యం చాలునని పాత లెక్క. మలబద్ధకం ఉన్న మనిషిలో తిన్నది బయటికి రావడానికే అంత టైమ్ పడుతుంది, ఐరన్ మాత్రలు మలబద్ధకం తెస్తాయి. అందుకని ఏడు రోజులు పెట్టాం. పెద్దసార్ పాత చీటీ జిరాక్స్ తీసి, ఒక్కో పేరు చదివి చెప్పాం. విటమిన్ సి మాత్రలు కూడా వద్దన్నాం, అవి ఎక్కువైతే కార్డు ఉన్న రక్తాన్ని కూడా దాచేస్తుంది. మూడు శాంపిళ్లలో మొదటిది నెగెటివ్. రెండోది, మూడోది అంచున లేత నీలం. వెనకటి సిరా రంగు పోయింది. అయినా నీలం నీలమే. కొంచెం రక్తం నిజంగానే పోతోంది. ఫిట్‌కు దొరకలేదు కాబట్టి పైనుంచి పోతోందని ఊహించాం. ఎండోస్కోపీ గొట్టం చిన్నపేగు మొదటి భాగం, డుయోడినం, దాకా చూసింది, అక్కడ ఏమీ లేదు. దాని కింద మిగతా చిన్నపేగు ఉంది.

ఈలోగా పెద్దసార్ పాత రిపోర్టులన్నీ తెప్పించుకుని కళ్లజోడు పైకి కిందికి చేస్తూ చదివారు. మొదటి సీబీపీలో (రక్తకణాల లెక్క) ఇసినోఫిల్స్ అనే రకం తెల్లకణాలు 12 శాతం. తెల్లకణాలు 8,400, అంటే ఇసినోఫిల్స్ వెయ్యి. మిషన్ ఆ అంకె పక్కన ‘హెచ్’ (హై, అంటే ఎక్కువ) అక్షరం కూడా వేసింది. రోజుకు అలాంటి ‘హెచ్’లు పదుల్లో వస్తాయి, అలర్జీ అనుకుని దాటేస్తాం. వెనకటికి డిఫరెన్షియల్ కౌంట్ అంటే స్లైడ్ మీద నూరు కణాలు చేత్తో లెక్కపెట్టడం. గులాబీ గింజలున్న కణం పన్నెండుసార్లు కంటపడితే ఎవరికైనా, ఏంటీ పురుగులున్నాయా అనిపించేది. అంకె అదే, కాగితం మీద చదివితే అలా అనిపించదు.

ఆయన ‘ఫ్లోటేషన్ చెయ్’ అన్నారు. మలంలోని పురుగు గుడ్లను ఉప్పునీళ్లలో తేల్చి వెతికే పద్ధతి అది.

వేరే దారులు లేక కాదు. గోధుమ పడని సీలియాక్ జబ్బుకు పరీక్ష ఉంది, కడుపులో హెచ్ పైలోరి అనే క్రిమి కోసం చూసే పరీక్ష ఉంది, క్యాప్సూల్ ఉండనే ఉంది. కానీ ఇసినోఫిల్స్ పెరగడం, తడి మట్టిలో చెప్పుల్లేకుండా పని, చిన్నపేగు – మూడూ కలిపితే హుక్‌వార్మ్ గుర్తుకు రావాలి. మన పాఠ్యపుస్తకాల్లో కొంకి పురుగు అన్నది అదే. పిల్లదశలో అరికాలి చర్మం లోంచి లోపలికి దూరుతుంది, చివరికి చిన్నపేగు గోడను కరిచి పట్టుకుని రక్తం తాగుతుంది. దాన్ని వెతకడానికి అయ్యే ఖర్చు గుప్పెడు ఉప్పు, అరగంట. డబ్బుతో కూడిన పరీక్షకు ముందు ఇది చేయకపోతే తప్పవుతుంది.

వెట్ మౌంట్‌లో కనిపించలేదు కదా అని నేనన్నాను. వెట్ మౌంట్‌లో మనం చూసేది రెండు మిల్లీగ్రాముల మలం. గుడ్లు తక్కువుంటే అంత కొద్ది దాంట్లో పడకపోవచ్చు. ఫ్లోటేషన్‌లో గ్రాము మలంలోని గుడ్లు పైకి తేలి ఒకచోటికి వస్తాయి. పైగా హుక్‌వార్మ్ గుడ్డు ఆగదు. మన ఎండలకు డబ్బాలో గంటల తరబడి ఉంటే లోపల పిల్ల పెరగడం మొదలవుతుంది, గుడ్డు ఆకారమే మారిపోతుంది. ఆటోలో అయిదు గంటలు ప్రయాణం చేసిన శాంపిల్ మీద నేను ‘కనిపించలేదు’ అని సంతకం పెట్టాను.

అందుకని ఈసారి ఆమెను మా దగ్గరికే రమ్మని, ఇక్కడే శాంపిల్ తీసుకున్నాం.

ఉప్పునీళ్లు పెద్దసారే కలిపారు. నూరు మిల్లీలీటర్ల నీళ్లు వేడిచేసి, నలభై గ్రాముల ఉప్పు. చల్లారాక అడుగున కరగని ఉప్పు మిగలాలి, మిగిలితేనే ఆ నీళ్లు ఇంక ఉప్పు తాగవని గుర్తు. ‘నిమ్మకాయలు ఊరేసే నీళ్లు ఇంతకంటే పల్చన. ఇందులో వేస్తే కాయ ఎండిపోతుంది’ అని ఆయన వ్యాఖ్య. ఈ పద్ధతి విల్లిస్ పేరుతో 1921 నుంచి ఉంది. సీసాలు కూడా పాతవే కావాలన్నారు. ఖాళీ పెన్సిలిన్ సీసాలు, అడుగు చదునుగా ఉంటుంది, నిలబడతాయి. గ్రాము మలం కొద్ది ఉప్పునీళ్లలో కలిపి, వడకట్టి, సీసా అంచు దాటి నీళ్లు ఉబ్బెత్తుగా నిలబడేదాకా చుక్క చుక్క నింపి, గాలి బుడగ లేకుండా పైన స్లైడ్ బోర్లించాలి. ఇరవై నిమిషాలు. ఎక్కువసేపు వదిలితే ఉప్పుకు గుడ్లు ముడుచుకుపోతాయి. తర్వాత స్లైడ్‌ను తటాలున కాకుండా, నిటారుగా పైకెత్తి తిప్పాలి. నా చేతికి అలవాటు తప్పింది. మొదటి స్లైడ్ ఒలికిపోయింది.

రెండో స్లైడ్‌లో దొరికాయి. కోడిగుడ్డు ఆకారం, అద్దంలాంటి పల్చటి పెంకు, లోపల నాలుగు నుంచి ఎనిమిది కణాల ముద్ద, ముద్దకూ పెంకుకూ మధ్య ఖాళీ జాగా. మా ల్యాబ్‌లో చేరి మూడేళ్లయిన కుర్రాడు పుస్తకంలో తప్ప వాటిని చూడలేదు. అందరం వరసగా వంగి చూశాం.

తర్వాత

డాక్టర్ గారు ఆల్బెండజోల్ 400 మిల్లీగ్రాములు మూడు రోజులు ఇచ్చారు, ఇంట్లోవాళ్లకు కూడా. ఐరన్ మాత్ర ఎలా వేసుకుంటున్నావని అప్పుడే మొదటిసారి ఎవరో అడిగారు. పొద్దున చాయ్‌తో వేసుకుంటోందట. చాయ్‌లోని టానిన్లు ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వవు. ఆ రెండింటి మధ్య ఎడం పెట్టించారు. మూడు వారాలకు ఫ్లోటేషన్ నెగెటివ్. నాలుగు వారాలకు హిమోగ్లోబిన్ 9.8, మూడు నెలలకు 12.1. పత్యం పెట్టి చేసిన కార్డులు మూడూ నెగెటివ్. క్యాప్సూల్ అవసరం పడలేదు.

ఇందులో పురుగుల వాటా ఎంత, చాయ్ వాటా ఎంత అని విడదీసి చెప్పలేను, రెండూ ఒకేసారి సరిచేశాం కాబట్టి. లెక్క మాత్రం సరిపోతుంది. హుక్‌వార్మ్‌లలో యాంకైలోస్టోమా రకం పురుగు ఒక్కోటి రోజుకు సుమారు 0.15 మిల్లీలీటర్ల రక్తం లాగుతుంది, నెకేటర్ అయితే 0.03. గుడ్డును చూసి ఏ రకమో చెప్పలేం. మొదటి రకం యాభై ఉన్నాయనుకుంటే రోజుకు 7.5 మిల్లీలీటర్లు. ఆమె పల్చటి రక్తంలో కూడా అది రెండు మిల్లీగ్రాముల ఐరన్. మామూలు మనిషి తిండిలోంచి రోజుకు ఒంటబట్టించుకునేదే ఒకటి రెండు మిల్లీగ్రాములు.

ఈ కేసులోంచి నేను తీసుకున్నవి

ముందుగా ఒక హెచ్చరిక. దీన్ని చదివి, కార్డు పాజిటివ్ వస్తే ‘నల్ల తిన్నారేమోలే’ అని ఎవరూ ఎండోస్కోపీ ఆపుకోకండి. ఈమెకు రెండు స్కోపీలూ చేయడం సరైన నిర్ణయం. ఆ వయసులో ఐరన్ పోతుంటే కార్డు నెగెటివ్ వచ్చినా అవి చేయాలి. ఫ్లోటేషన్‌లో ఏమీ దొరక్కపోతే క్యాప్సూల్‌కు వెళ్లడమే సరైనది, నేనే వెళ్లమని చెప్పేవాణ్ణి.

ఫాల్స్ పాజిటివ్‌కు కారణం దొరికితే ఆ పరీక్ష ఒక్కటే పక్కకు పోతుంది, జబ్బు పోదు. ఫోన్ చేసేముందు ఆ కారణంతో ఇంకేం అంకెలు తేలకుండా మిగిలాయో చూసుకోవడం ఇప్పుడు నాకు అలవాటైంది. ఇసినోఫిల్స్ 10 శాతం దాటిన ఐరన్ లోపం కేసుల్లో, డాక్టర్ రాయకపోయినా ఫోన్ చేసి అడిగి తాజా మలంతో ఫ్లోటేషన్ చేస్తున్నాం. శాంపిల్ పట్టిన టైమ్ రాయకపోతే తీసుకోవడం లేదు. దీనివల్ల కిటికీ దగ్గర గొడవలు అవుతున్నాయి, అయినా సరే.

పాతవన్నీ బంగారం అనడం లేదు. సాలీ గొట్టంలో చుక్క చుక్క నీళ్లు పోస్తూ గోధుమరంగు గాజుతో పోల్చి హిమోగ్లోబిన్ చెప్పిన రోజుల్లో, ఒకే రక్తానికి ఇద్దరం ఒక గ్రాము తేడాతో రిపోర్టు ఇచ్చిన సందర్భాలున్నాయి. సెల్ కౌంటర్‌ను వదిలి దానికి తిరిగి వెళ్లే పిచ్చి నాకు లేదు.

ఫారం మాత్రం మార్చాం. ‘మాంసాహారం’ కొట్టేసి పెద్దసార్ చీటీలోని పేర్లన్నీ మళ్లీ ఎక్కించాం. చదివి వినిపించాల్సిన పని శాంపిళ్లు తీసే అమ్మాయిదే. ఎలాగూ అందరినీ ఏం తిన్నవని అడుగుతుంది కదా, అదిప్పుడు డ్యూటీ అయింది. నల్లకు నీచు వాసన రావడం లేదని ఆ అమ్మాయి ఈ మధ్య డబ్బా కూడా తెచ్చింది. కొబ్బరి కాస్త ఎక్కువైందని పెద్దసార్ తీర్పు.

ప్రింటుకు పంపే ముందు కాగితం ఆయనకు చూపించాను. జేబులోంచి పెన్ను తీసి ‘నల్ల’ పక్కన ‘నెత్తురు వేపుడు, రత్తం’ అని రాశారు. ఎందుకు సార్ అంటే, ‘కొందరికి నల్లా అంటే నీళ్ల పంపు’ అన్నారు.